వెనక్కిచ్చిన దారం

ఆపరేషన్ జరుగుతున్నప్పుడు నర్సు నోరు మూసుకుని ఉండాలి. అడగబోయే సామాను అడగకముందే చేతిలో పెట్టాలి, గుడ్డల లెక్క చూసుకోవాలి, అంతే. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అవ్వ, అంటే అమ్మే, ఎప్పుడూ తిట్టేది గానీ, థియేటర్ తలుపు దాటితే మాత్రం నేను బుద్ధిమంతురాలినే. ఒక్కరోజు తప్ప. ఆ రోజు బల్ల మీద ఉన్నది మా అన్న.

అప్పట్లో నేను జగిత్యాలలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానాలో పనిచేసేదాన్ని. అత్తగారిల్లు కోరుట్ల. అక్కడ చాలా ఇళ్లలాగే మా ఆయనా గల్ఫ్‌లో ఉండేవాడు. నేను పొద్దున బస్సెక్కి జగిత్యాల పోయి, సాయంత్రం తిరిగొచ్చి అత్తమామలకూ, నా పిల్లగాడికీ వండిపెట్టేదాన్ని. పుట్టిల్లు సిరిసిల్ల. అక్కడ అన్న సాంచలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచలంటారు. ఆ ఇంట్లో అవ్వ, వదినె, అన్న చిన్న బిడ్డ ఉండేవాళ్లు. తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్డెక్కిన రోజులవి. ఇవాళ బంద్ అయితే రేపు రాస్తారోకో, బస్సు ఎప్పుడు కదులుతుందో డ్రైవరుకే తెలియదు. మా అన్నకు ఉద్యమమంటే పిచ్చి. సాంచలు ఆపేసి మరీ ర్యాలీలకు పోయేవాడు. సాంచల చప్పుడులో అరిచీ అరిచీ మామూలుగా మాట్లాడటం మరిచిపోయిన గొంతు, నినాదం ఎత్తుకుంటే వీధి చివరిదాకా వినబడేది.

ఆ మనిషికి జ్వరం పట్టుకుంది. సిరిసిల్లలో ఆర్ఎంపీ డాక్టరు సూదుల మీద సూదులు పొడిచాడు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. నేను ఫోన్లో తిట్టి తిట్టి కోరుట్లకు రప్పించుకున్నాను. వచ్చిన మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ కడుపు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. చెయ్యి వేసి చూశాను. కడుపు చెక్కలా బిగుసుకుపోయింది. టైఫాయిడ్ పుండు పేగుకు తూటు పెట్టిందని నాకు అక్కడే అర్థమైంది. ఆ రోజు కూడా బందే. పక్కింటి ఆటో అతను వెనక సీట్లో దుప్పటి పరిచి, రోడ్డు మీద పరిచిన రాళ్లు తప్పించుకుంటూ మమ్మల్ని జగిత్యాల చేర్చాడు.

థియేటర్లో నిలబడాల్సిన ఇంకో నర్సు బంద్ వల్ల రాలేకపోయింది. మా డాక్టరు నావైపు చూశాడు. పెద్దాయన. ఆ చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని కడుపు లేదనేవాళ్లు.

"నీ అన్న గదా, నిలవడగల్గుతవా బిడ్డా?"

"నిలవడుత సార్."

కడుపు తెరవగానే వచ్చిన వాసన గురించి చెప్పను. చీమూ, పేగులోంచి కారిన మురికీ కలిసి కడుపంతా నిండి ఉంది. డాక్టరు సెలైన్‌తో కడిగాడు, మళ్లీ కడిగాడు, నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగుతూనే ఉన్నాడు. చిన్నపేగు చివరి భాగంలో ఉంది తూటు. దాని పక్కనే ఇంకోటి పడటానికి సిద్ధంగా ఉంది. ఆ ముక్క మొత్తం కోసి తీసేశాడు. ఇక రెండు కొసలు మిగిలాయి. తర్వాతి పని ఏమిటో నాకు తెలుసు. కొసలు రెండూ దగ్గరికి తెచ్చి అతకాలి. లోపలి వరుస కరిగే దారంతో, పై వరుస నల్ల పట్టుదారంతో. కరిగే దారం ఉన్న సూదిని పటకారుకు పట్టించి ఆయన చేతికి అందించాను.

ఆయన తీసుకోలేదు.

"అతుకుత లేను బిడ్డా. రెండు కొసలు బయటికి తీస్త."

"అదేంది సార్!" అనేశాను. నోరు అదుపు తప్పింది. "మీరు ఎన్ని పేగులు అతకలేదు? మీ అతుకు ఊడంగ నేనెన్నడు సూడలే. మా అన్నకే ఎందుకు అతుకరు?"

మత్తు డాక్టరు తలెత్తి చూశాడు. పెద్దాయనకు కోపం రాలేదు. నా చేతిలోని పటకారు తీసుకుని, పేగు కొసకు ఒకే ఒక్క కుట్టు వేసి మెల్లగా లాగాడు. దారం పేగును కోసుకుంటూ బయటికి వచ్చేసింది.

"సూసినవా? వెన్నల కుట్టినట్టున్నది. కుట్టు మంచిదే. కని పట్టుకోవల్సింది కండ గదా. చీముల నానిన కండ పట్టుకోదు. ఇయ్యాల నీ మాట ఇని అతికితె వారం తిరుగకముందే ఊడుతది. అప్పుడు కడుపంత మళ్ల చీమే. మనిషి దక్కడు."

"జనంల ఎట్ల తిరుగుతడు సార్? పదిమందిల ఉండెటోడు. సిగ్గుతోనే సస్తడు."

"సిగ్గు బతికినోనికే ఉంటది బిడ్డా. ముందైతె బతుకనియ్యి," అని పటకారు నా చేతికి తిరిగి ఇచ్చేశాడు.

ఆయన చేసిందే సరైన పని. అది నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. చీము కడుపులో తొందరపడి అతికించుకుని, కట్టు మీంచి పసుపు నీళ్లు కారుతుండగా మా దగ్గరికి వచ్చినవాళ్లను ఎంతమందిని చూడలేదు! ఒక వరుస కుట్టాలా, రెండు వరుసలా, చేత్తోనా, మిషనుతోనా అని డాక్టర్లు వాదించుకుంటారు గానీ, అసలు కుట్టకుండా ఆగడమే కష్టమైన విద్య అని మా పెద్దాయన అనేవాడు. తెలిస్తే మాత్రం కడుపుమంట తగ్గుతుందా? ఆయన కుడిపక్కన చిన్న కోత పెట్టి, రెండు కొసలూ పక్కపక్కనే బయటికి తెచ్చి చర్మానికి కుడుతుంటే, మాస్కు లోపల నా ముఖమంతా తడిసిపోయింది.

స్పృహలోకి వచ్చి లేచి కూర్చోగలిగాక అన్న దుప్పటి తొలగించి చూసుకున్నాడు. కుడిపక్కన అంటించిన సంచి, అందులో ఎర్రగా పేగు మూతి. తర్వాత నన్ను చూసి, "ఏందే చెల్లె, నాకు ఇంకో నోరు వెట్టిండ్రా?" అన్నాడు.

"మూడు నెలలే అన్నా. వాపంత దిగినంక మళ్ల అతికి లోపట పెడ్తరు."

"గిది అచ్చం నీ నోరేనే. మూతవడ్త లేదు."

నవ్వాలో ఏడవాలో తెలియక భుజం మీద ఒకటి వేశాను. ఆ రోజు నుంచి దాని పేరు చెల్లె నోరు. సంచి నిండితే, "నీ నోరు మాట్లాడుతున్నది, జెర సముదాయించు," అని పిలిచేవాడు. ఒకసారి మాత్రం నవ్వకుండా అడిగాడు. "సాంచ మీద పోగు తెగితె నేను గప్పుడే ముడేస్త. మీ సారేందే, మూడు నెలలంటడు?"

"నానిన పోగుకు ముడేస్తవా అన్నా?"

"నిలువది."

"మరి?"

అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పాడు. నీళ్లు పీల్చుకునేది పెద్దపేగు. ఇప్పుడు తిన్నదీ తాగిందీ అక్కడిదాకా పోకుండా మధ్యలోనే సంచిలో పడిపోతుంది. అందుకని ఎంత పోతుందో అంతకంటే ఎక్కువ లోపలికి పోవాలి. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు పొద్దంతా తాగుతూనే ఉండాలి. పప్పు, గుడ్డు, మాంసం తినాలి. "ఒళ్లు పడితెనే అతుకు పడ్తది. నువ్వెంత మంచిగ తింటె గంత తొందరగ అతుకుత," అన్నాడు. అన్న రెండు చేతులూ జోడించి, "తినుడు నాకేం కష్టం సార్, పెట్టెటోళ్లుండాలె గని," అన్నాడు.

పెట్టేది మా అవ్వ. ఇంటికి పోగానే పథ్యం మొదలుపెట్టింది. పప్పు తింటే పుండు చీము పడుతుందని పప్పు బంద్. గుడ్డు వేడి అని గుడ్డు బంద్. వంకాయ బంద్, చింతపండు బంద్. పొద్దున బీరకాయ, సాయంత్రం బీరకాయ. నేను సెలవు రోజున పోయి చూసి అగ్గి మీద గుగ్గిలమయ్యాను.

"నీ పథ్యం పాడుగాను! పప్పుతోని చీము వడ్తదని ఎవలు జెప్పిండ్రే అవ్వా?"

"ఎవలు జెప్పుడేందే? నువ్వు బాలెంతవున్నప్పుడు నీకు గిట్లనే పెట్టిన. దుక్కలెక్క లేవా ఇప్పుడు?"

వదినె మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ పూట నేనే పప్పు వండి, గుడ్లు ఉడకబెట్టి, ఎదురుగా కూర్చుని అన్నతో తినిపించాను. అవ్వ మీద యుద్ధం గెలిచాననుకుని సంబరంగా బస్సెక్కాను. అన్న చిక్కిపోవడానికి కారణం అవ్వ ఒక్కతే కాదని నాకప్పుడు తెలియదు.

సంచి అంటే చూడనివాళ్లకు అర్థం కాదు. దాని అంచు చర్మానికి అంటుకుని ఉండాలి. చెమట పడితే లేచిపోతుంది. చిన్నపేగు నుంచి వచ్చేది నీళ్లలాగా కారుతూనే ఉంటుంది, అది తగిలిన చోటల్లా చర్మం మండి పుండవుతుంది. సాంచల షెడ్డులో ఉక్క సంగతి చెప్పనక్కరలేదు. ఎవరూ ఏమీ అనలేదు, పాపం. చాయ్ హోటల్లో బల్ల మీద పక్కన కూర్చున్నవాళ్లు కొంచెం జరిగి కూర్చునేవాళ్లు, అంతే. ఇంట్లో బిడ్డ అంతకుముందు తండ్రి కడుపు మీద తల పెట్టుకుంటేగానీ నిద్రపోయేది కాదు. ఇప్పుడు ముక్కు పట్టుకుని, "బాపూ, వాసన," అని నాయనమ్మ పక్కలోకి పోయి పడుకునేది. చిన్నపిల్ల, దానికేం తెలుసు?

అంతలో వంటావార్పు వచ్చింది. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, వండుకుని, వరుసగా కూర్చుని తింటూ బండ్లు ఆపడం ఉద్యమంలో ఒక పద్ధతి. సాంచల వాళ్లంతా కూర్చున్నారు. దోస్తులు అన్నను లాక్కుపోయి బంతిలో కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డించారు. వద్దంటే వింటారా! తిన్న కాసేపటికే సంచి నిండి, అంచు ఊడి, లుంగీ తడిసింది. అన్న భుజం మీది తువ్వాల నడుముకు చుట్టుకుని, ఎవరికీ చెప్పకుండా లేచి ఇంటికి వచ్చేశాడు. స్నానాల గదిలోకి పోయి తలుపేసుకుంటే వదినె ఎంత పిలిచినా పలకలేదట. తర్వాత చాలా రోజులు గడప దాటలేదు.

పక్కింట్లో దర్జీ భాయి ఉండేవాడు. అన్నకు చిన్ననాటి దోస్తు. ఇంటివాళ్లు కాక సంచి సంగతి పూర్తిగా తెలిసినవాడు ఆయనొక్కడే. టేపు పట్టుకుని వచ్చి అన్న నడుము కొలిచాడు. "అరె యార్, గింతదానికి ఇంట్ల కూసుంటవా? పెండ్లికొడుక్కు షేర్వానీ కుడ్త నేను. నీ సంచికి పట్టీ కుట్టలేనా?" అని రెండు పొరల గుడ్డతో, సంచిని ఒడిసి పట్టే జేబుతో నడుంపట్టీ కుట్టి తెచ్చాడు. చాలా చక్కగా ఉండేది ఆ పట్టీ.

ఆ తర్వాత వదినె ఫోన్ చేసి, అన్న రోజూ బయటికి పోతున్నాడనీ, నవ్వుతున్నాడనీ చెప్పింది. నేను కొండగట్టు అంజన్నకు కొబ్బరికాయ మొక్కుకున్నాను. ఒకరోజు జిల్లా పేపర్లో అన్న ఫోటో వచ్చింది. చౌరస్తాలో రిలే నిరాహార దీక్ష టెంటు, మెడలో దండలతో వరుసగా కూర్చున్న నేతపనివాళ్లు, మధ్యలో మా అన్న. పక్కనున్న మనిషి చెయ్యి అన్న భుజం మీద ఉంది. ఆ పేపరు పట్టుకుని వార్డంతా తిరిగాను. పెద్దాయన మాత్రం కళ్లజోడు సవరించుకుని చూసి, "నీళ్లు తాగకుంట కూసుంటుండా?" అని అడిగాడు. నేను వెంటనే ఫోన్ చేసి తిట్టాను.

"ఒక్క పూటనే చెల్లె. మా సంఘం వంతు. పొద్దూకంగ నిమ్మకాయ నీళ్లు ఇచ్చి లేపిండ్రు. గింతదానికే లొల్లి జేస్తవ్," అన్నాడు.

రిలే దీక్షలో అందరూ రోజూ కూర్చోరు. ఒకరోజు నేతపనివాళ్లు, ఒకరోజు ఆటోవాళ్లు, ఒకరోజు వకీళ్లు, ఎవరి వంతు వాళ్లది. నిజమే కదా అనుకున్నాను.

పేగు అతికే గడువు వచ్చింది. అన్న వదినెతో కలిసి జగిత్యాల వచ్చాడు. బస్సు దిగుతుంటే చూసి నేను గుర్తుపట్టలేదు. కళ్లు లోతుకు పోయాయి, దవడలు బయటికొచ్చాయి. పరీక్షలన్నీ చేయించాను. రక్తం లేదు, ఒంట్లో మాంసకృత్తులు లేవు, కిడ్నీలు సగం దెబ్బతిన్నాయి. పెద్దాయన కడుపు తడిమి చూసి, "పేగైతె మెత్తగ మంచిగైంది. అతకాలంటె ఇప్పుడే అతుకొచ్చు. మనిషే లేడు. గీ ఒంటికి అతికితె పట్టుకోదు," అన్నాడు. సెలైన్లు ఎక్కించి, ఇంకో నెల గట్టిగా తినిపించి తీసుకురమ్మన్నాడు.

వరండాలోకి రాగానే వదినె భోరుమంది. "రోజు దీక్షలనే కూసుంటుండు. ఎవల వంతైనా కూసుంటుండు. ఆటోలోళ్లదైనా, వకీళ్లదైనా, గొంగడేసుకున్న గొర్లకాపరులదైనా. నీళ్లు ముట్టడు. నీకు జెప్తె మీదవడ్తవని చెప్పద్దన్నడు."

నేను లోపలికి పోయి తలుపు ధడాలున వేశాను. వార్డులో ఎవరున్నారో కూడా చూడలేదు.

"నీకు పిచ్చా అన్నా? తెలంగాణ నీ ఒక్కనితోనే అచ్చేదున్నదా? నువ్వు నీళ్లు తాగకుంటె సస్తవని సారు చిలుకకు చెప్పినట్టు చెప్పలేదా?"

అన్న నావైపు చూడలేదు. సెలైన్ సీసా వైపు చూస్తూ మాట్లాడాడు. ఆ పెద్ద గొంతు అంత చిన్నగా వినడం అదే మొదలు.

"టెంటుల ఎవ్వలు తినుమనరు చెల్లె. తాగుమనరు. పొద్దుగాల నుంచి ఏం ముట్టకుంటె సంచి వట్టిగనే ఉంటది. వాసన రాదు. పక్కపొంటి కూసున్న మనిషి దగ్గరికి జరిగి భుజం మీద చెయ్యేస్తడు. ఊకె ముచ్చట వెడ్తడు. గా చెయ్యి కోసం పోతున్ననే."

నేను సెలైన్ గొట్టం సరిచేశాను.

"నాకు దండలేస్తుంటె సిగ్గయితది. తెలంగాణ మీద పానం లేదని గాదు, ఉన్నది. నీకెర్కనే గదా. కని నేను గందుకు కూసుంట లేను. ఎవలకు చెప్పుకోను?"

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. మా అన్నకు కడుపు చించే ఉంది, అయినా అప్పటిదాకా లోపలి మాట ఒక్కటీ బయటికి రాలేదు. ఆ మంచం మీద వాణ్ని పట్టుకుని ఏడ్చాను. నా నెత్తి మీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించాను. కోరుట్లలో మా ఇంట్లో ఉండమన్నాను, దగ్గరుండి నేనే తినిపిస్తానన్నాను. ఒప్పుకోలేదు. "చెల్లె అత్తగారింట్లనా? గీ సంచితోనా? ఇజ్జత్ లేదానె?" అన్నాడు. ఆడపిల్ల ఇంట్లో పుట్టింటివాళ్లు ఒక పూట కంటే ఎక్కువ ఉంటేనే చిన్నతనమనుకునే మనుషులం మేము. ఎంత బతిమాలినా వినలేదు. సిరిసిల్లకే పోయాడు.

ఆ వెంటనే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. జగిత్యాల పోవడానికే నాకు షేర్ ఆటోలు మార్చి మార్చి పోవాల్సి వచ్చేది, సిరిసిల్ల పోవడమెక్కడ? రోజూ ఫోన్ చేసేదాన్ని. తాగినవా అంటే తాగిన, తిన్నవా అంటే తిన్న. కొన్నాళ్లు నిజంగానే తిన్నాడు, తాగాడు, వదినె ఒట్టేసి చెప్పింది. అప్పుడు టెంటు వాళ్లు ఇంటికి వచ్చారట. నువ్వు లేక టెంటు బోసిపోయిందన్నారట. వాళ్ల తప్పేముంది? వాళ్లకు తెలిసిన మనిషి, రోజూ అందరికంటే ముందు వచ్చి అందరికంటే చివర లేచేవాడు. మంచినీళ్లు కూడా ముట్టని మొండివాడని ఊరంతా చెప్పుకునే మనిషి. అదే వేళకు విరేచనాలు పట్టుకుని సంచి ఆగకుండా కారుతోంది. కారడం ఆగాలంటే ఏమీ తాగకపోతే సరి అనుకున్నాడు. పోయి కూర్చున్నాడు. మధ్యాహ్నానికి దండలతోనే పక్క మనిషి మీదికి ఒరిగిపోయాడు.

దర్జీ భాయి ఒక ఆటో మాట్లాడి, అవ్వనూ వదినెనూ ఎక్కించుకుని, అన్న తల తన ఒళ్లో పెట్టుకుని బయల్దేరాడు. దగ్గరి దవాఖానాకు పోదామంటే అన్నే జగిత్యాల, జగిత్యాల అన్నాడట. వేములవాడ దాటాక రోడ్డు మీద చెట్లు కొట్టి అడ్డంగా వేశారు. దీక్షలో కూర్చున్న మనిషి, ప్రాణం మీదికొచ్చిందని భాయి అరిస్తే, అక్కడి జనం పరుగెత్తుకొచ్చి కొమ్మలు పక్కకు లాగి, ఆటోకు అటూ ఇటూ నిలబడి జై తెలంగాణ అని అరిచారట. ఆ అరుపుకు అన్న కళ్లు తెరిచాడు.

"నీళ్లడిగిండు బహెన్," అని భాయి తర్వాత నాకు చెప్పాడు. "బాటిల్ మొత్తం తాగిండు. ఇంకోటి తాగిండు. సంచి నిండవట్టింది. నేను ఒత్తి పట్టుకున్న. 'నిండనీ భాయి, నిండనీ' అన్నడు."

ఆటో దవాఖానా ముందు ఆగేసరికి నేను మెట్ల దగ్గరే ఉన్నాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. రెండు చేతులకూ సెలైన్లు పెట్టాను. పెద్దాయన డయాలసిస్ కోసం కరీంనగర్‌కు ఫోన్లు చేస్తున్నాడు. అన్న నన్ను వంగమన్నట్టు చూశాడు. వంగాను.

"సారున్నడా చెల్లె? ఇగ అతుకుమను. మస్తు తాగిన."

కరీంనగర్ బండి రాకముందే గుండె ఆగింది. పెద్దాయన ఛాతీ నొక్కీ నొక్కీ, చెమటలు కారుతుండగా చేతులు దించేశాడు. నేను అరిచానట. ఏమని అరిచానో నాకు గుర్తులేదు.

అవ్వ ఏడవలేదు. కొడుకు మంచం పక్కన నేల మీద కూర్చుని, కాసేపటికి లేచి పెద్దాయన దగ్గరికి పోయింది. మా దగ్గర శవానికి వాకిట్లో, అందరూ చూస్తుండగా నీళ్లు పోస్తారు. వరుసైనవాళ్లంతా తలా చెంబెడు పోస్తారు. అవ్వ ఆయన కాళ్ల మీద పడింది.

"నలుగుర్ల నీళ్లు పోసెటప్పుడు గది కనవడద్దు సారూ. వాసన అచ్చిందని ఎవలు ముక్కు మూసుకోవద్దు. అతుకుత అన్నరు గదా. ఇప్పుడన్న అతుకుండ్రి. నా కొడుకును నిండుగ పంపుండ్రి."

ఆయన ఆమెను లేపి కూర్చోబెట్టాడు. సిగ్గు బతికినవాడికే అని చెప్పిన మనిషి, ఆ మాట మళ్లీ అనలేదు. నావైపు తిరిగి, "థియేటర్ తెరువు బిడ్డా," అన్నాడు.

పైన ఒక కుట్టు వేసి మూసేస్తే సరిపోయేది. ఎవరు చూడొచ్చారు? ఆయన అలా చేయలేదు. చేతులు కడుక్కున్నాడు, గ్లౌజులు వేసుకున్నాడు. చర్మం నుంచి రెండు మూతులనూ విడిపించి, అంచులు శుభ్రం చేశాడు. చెయ్యి చాపాడు. కరిగే దారం సూదిని పటకారుకు పట్టించి ఇచ్చాను. ఈసారి తీసుకున్నాడు. లోపలి వరుస పూర్తిగా కుట్టాడు. మళ్లీ చెయ్యి చాపితే నల్ల పట్టుదారం ఇచ్చాను. పై వరుస కుట్టాడు. చీము లేదు, వాపు లేదు. పేగు కుట్టును చక్కగా పట్టుకుంది. ఎప్పటి అలవాటో, అతుకును వేళ్లతో మెల్లగా నొక్కి చూశాడు. ఎక్కడా కారలేదు. ఆయన కళ్లజోడు తీసి, మోచేత్తో కళ్లు తుడుచుకుని, పేగును లోపల పెట్టి కడుపు మూశాడు. గుడ్డల లెక్క సరిపోయిందని నేను చెప్పాను.

సిరిసిల్లలో మా వాకిట్లో జనం పట్టలేదు. టెంటు వాళ్లంతా వచ్చారు. దండలు తెచ్చారు, నినాదాలిచ్చారు, తెలంగాణ కోసం నీళ్లు కూడా ముట్టకుండా ప్రాణమిచ్చాడని ఏడ్చారు. దర్జీ భాయి నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. నా నోట్లో నువ్వుగింజ కూడా నానదంటారు, వార్డులో అన్న చెప్పిన మాట మాత్రం ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నీళ్లు పోయడానికి పీట మీద కూర్చోబెట్టి, ఇద్దరు దోస్తులు రెండు భుజాలూ ఒడిసి పట్టుకున్నారు. అందరూ దగ్గరదగ్గరగా వచ్చి నిలబడ్డారు. బిడ్డ పరుగెత్తుకొచ్చి తండ్రి ఒళ్లో తల పెట్టబోతే ఎవరో ఎత్తుకున్నారు. అవ్వ చెంబు కింద పెట్టి, కొడుకు కుడిపక్క కట్టు మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంచింది. చెయ్యి తీసి చూసుకుని, నాకు చూపించింది.

"లీకు లేదే బిడ్డా," అంది.